తిందారా దారి చూపని రోజు

రోమ్ నుంచి వచ్చే రైలు మా మెస్సీనా చేరాలంటే ముందు ముక్కలు కావాలి. అవతలి ఒడ్డున విల్లా స్టేషన్‌లో దాన్ని రెండుగా విడదీసి, ఓడ నోట్లోకి నెట్టి, అడుగు అంతస్తులో పట్టాల మీద పక్కపక్కన నిలబెడతారు. ఇవతల దిగాక ఒక ముక్క దక్షిణంగా కతానియా, సిరకూసాల వైపు పోతుంది. రెండోది పడమరగా పలెర్మో వైపు పోతుంది. మధ్యలో సముద్రం ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ రైల్లోనే కూర్చుని ఉండే సిసిలీ మనిషిని నేనింతవరకూ చూడలేదు. అందరూ ఇనప మెట్లెక్కి పైకి పోతారు, ఓడ హోటల్లో అరంచీనో తినడానికి. అన్నం ముద్దలో మాంసం కూర పెట్టి వేయించిన ఆ ఉండ అరచేతిని కాల్చాలి, అప్పుడే ఇల్లు దగ్గరపడినట్టు.

తిన్నాక వేళ్లు తుడుచుకుంటూ కిందికి దిగుతారు. కింద మసక వెలుతురు, నూనె కంపు, ఒకే రంగు రైలు పెట్టెలు రెండు వరసలు. ఏది మనది? సముద్రం మధ్యలో ఒక రైలు దిగి ఇంకో రైలెక్కే తప్పు మా నుదుటనే రాసిపెట్టి ఉంది. మా బంధువుల్లో ఆ తప్పు చెయ్యని ఇల్లు లేదు. పెళ్లికని సిరకూసా బయల్దేరి పలెర్మోలో తేలినవాళ్లు, అత్తగారిని ఒక ముక్కలో, సూట్‌కేసుని ఇంకో ముక్కలో పోగొట్టుకున్నవాళ్లు మాకు కొల్లలు.

ఆ మెట్ల కింద ఇరవై రెండేళ్లుగా నిలబడి ఉన్న మనిషి తిందారా బొనఫీని.

ఆమె ఉద్యోగం నిలబడటం కాదు, తుడవడం. ఓడ అడుగు అంతస్తూ, మెట్లూ, మరుగుదొడ్లూ తుడిచే కాంట్రాక్టు మనిషి. వయసు యాభై ఎనిమిది. పంతొమ్మిది వందల ఎనిమిది భూకంపం తర్వాత తాత్కాలికమని కట్టి, యాభై ఏళ్లు దాటినా తియ్యడం మరిచిపోయిన రేకుల ఇళ్లలో పుట్టింది. పద్నాలుగో ఏట బడి మానేసి రేవు దగ్గర చేపలు శుభ్రం చేసింది. ముప్పై ఒకటో ఏట ఓడెక్కింది. అప్పటినుంచి లెక్కేస్తే ఇరవై వేల సార్లకు పైగా సముద్రం దాటింది. అవతలి ఒడ్డున కాలు పెట్టింది మాత్రం ఒక పది సార్లు. విమానం ఎక్కలేదు. "ఎందుకు ఎక్కాలి, నేనెక్కడికి పోవాలని?" అని అడిగేది. భర్త సారో లారీ నడిపేవాడు. నడుం పట్టేశాక ఇంట్లో టమాటాలు పెంచుతున్నాడు.

దారి చూపడం ఎలా మొదలైందంటే, ఒక ఆగస్టులో సిరకూసా దగ్గరి నోతో ఊరి ముసలామె తప్పుడు ముక్క ఎక్కింది. ఆమె మనవలు సరైన ముక్కలో ఉన్నారు. ఆమె ఇంటి చెప్పులతో, చేతిలో పర్సు కూడా లేకుండా, పలెర్మో దారిలోని చెఫాలూలో దిగి సాయంత్రం దాకా బెంచీ మీద ఏడ్చింది. ఆ కథ మర్నాడు ఓడలో అందరూ నవ్వుకుంటూ చెప్పుకున్నారు. తిందారాకి నవ్వు రాలేదు. ఆ ముసలామె మెట్లు దిగుతున్నప్పుడు తను పక్కనే తుడుస్తూ ఉంది. తలెత్తి ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

మర్నాటి నుంచి, ఓడ రేవు చేరడానికి ఆరు నిమిషాల ముందు, తుడుపు కర్రని రైల్వే గేటులా అడ్డంగా పట్టుకుని మెట్ల కింద నిలబడేది. వచ్చిన ప్రతివాళ్లనీ అడిగేది. "ఎక్కడికమ్మా? జార్రేకా? ఎడమ పక్క. నువ్వు నాన్నా? మిలాత్సోకా? కుడి పక్క, ఆ పిల్ల చెయ్యి వదలకు." రేపు వచ్చేసరికి ఎడమ కుడైపోవచ్చు. విల్లాలో ఇంజను వాళ్లు ఆ పూట ఏ ముక్కని ఏ వరసలో నెడితే అదే. అందుకే అక్కడ బోర్డు పెట్టి లాభం లేదు. మనిషి కావాలి.

ఆ మనిషికి జీతం లేదు. తుడుపుకే జీతం. ఈ పని కూడా నా కాగితంలో రాయండి అని తిందారా మూడుసార్లు కాంట్రాక్టరు ఆఫీసుకి వెళ్లింది. మూడుసార్లూ సూపర్‌వైజర్ పిప్పో ఒకటే అన్నాడు. "నిన్నెవరు చెయ్యమన్నారు తిందారా? నీ సరదా కొద్దీ చేస్తున్నావు. పాటలు పాడుకుంటూ తుడిచేవాళ్లున్నారు, వాళ్లకి పాటకి వేరే ఇవ్వాలా?"

పోయిన ఏడాది ఆ పనికే కాదు, తుడుపుకీ ఎసరొచ్చింది. రైలుని ఓడెక్కించడం దండగ అని పైన ఎవరికో తోచింది. ప్రాంతీయ రవాణా కమిటీ ఒక సలహా సంస్థతో లెక్క కట్టించింది. పట్టికలో మూడు నిలువు గళ్లు. ఒకటి, ఇప్పటిలాగే రైలుని ఓడలో ఎక్కించడం. రెండు, రైలుని విల్లాలోనే ఆపేసి, జనం తమ సామాను తామే మోసుకుని చిన్న పడవెక్కి, ఇవతల ఇంకో రైలెక్కడం. మూడు, విమానం. మొదటిది అన్నిటికన్నా ఖరీదని తేలింది. రెండోది చవక. విమానం మధ్యలో, హుందాగా. మొదటి గడి కొట్టేస్తే ఓడలో తుడిచే పదకొండు మంది ఆడవాళ్ల పని పోతుంది. కమిటీ తీర్పు రాకముందే కాంట్రాక్టరు ప్రకటించేశాడు: జనవరి నుంచి ఆరు గంటల పని నాలుగు గంటలకి కోత.

తిందారా అరవలేదు. మూడు గళ్లు ఉన్నాయి కదా, తనూ మూడు గళ్లు గీసుకుంది. పాత అట్టపెట్టె ఒకటి చింపి, మెట్ల దగ్గర జనాన్ని అడగడం మొదలెట్టింది. పోయినసారి దేంట్లో వచ్చారు, ఎంతయ్యింది, దాచకుండా అన్నీ చెప్పండి అని. రెండు నెలలు అడిగింది. చెప్పకుండా ఎవరూ పోలేదు. ఛార్జీల గురించి అడిగితే మావాళ్లు అమ్మ చావు గురించి చెప్పినంత వివరంగా చెబుతారు.

యూనియన్ మనిషి మెలో అరేనా కతానియాలో జరిగే కమిటీ సభలో ఆమెకి ఐదు నిమిషాలు ఇప్పించాడు. సభ నవంబరులో ఒక మంగళవారం, సాయంత్రం ఆరింటికి.

ఆ మంగళవారమే, మధ్యాహ్నం రైల్లో, పట్టిక తయారుచేసిన ఇంజినీరు ఒలివారి వచ్చాడు. సభలో తన పట్టిక గురించి మాట్లాడాల్సింది ఆయనే. మిలాన్ మనిషి, నలభై దాటని వయసు, మర్యాదస్తుడు. నివేదిక ఇచ్చే ముందు ఒక్కసారైనా కళ్లారా చూడాలని రోమ్ నుంచి విమానం మానుకుని రైలెక్కాడు. ఆ మాత్రం చేసినవాళ్లు కూడా తక్కువే, అది ఒప్పుకోవాలి. ఓడ కదలగానే అడుగు అంతస్తంతా తిరిగి పెట్టెలు లెక్కపెట్టాడు, గొలుసులు బిగించేవాళ్లని ప్రశ్నలడిగాడు, తిందారా దగ్గరికొచ్చి ఇదంతా తుడవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందని అడిగాడు.

నలభై నిమిషాలని చెప్పింది. చెప్పి, మీ పట్టికలో నేనెక్కడున్నానో చూపించండి బాబూ అంది.

ఆయన విసుక్కోకుండా కాగితం తీసి చూపించాడు. శుభ్రత, చదరపు మీటరుకి ఇంత.

"మరి దారి చూపడం?"

"అదేంటమ్మా?"

ఆమె వివరంగా చెప్పింది. ముసలామె సంగతి, రోజుకోలా మారే వరసల సంగతి, తుడుపు కర్ర సంగతి. ఆయన శ్రద్ధగానే విన్నాడు. చివరికి నవ్వి, నిజం చెబుతున్నట్టే చెప్పాడు. "చాలా మంచి పని చేస్తున్నారు. కానీ దానికి మీకెవరూ జీతం ఇవ్వట్లేదు కదమ్మా. జీతం లేకపోతే ఖర్చు లేదు. ఖర్చు లేనిది పట్టికలోకి రాదు. లెక్క ప్రకారం ఆ పని లేనట్టే."

"లేనట్టే అంటారు."

"లెక్క ప్రకారం."

సరే బాబూ, పైకెళ్లి అరంచీనో తినండి, చల్లారితే బాగోదు అని పంపించింది. ఆయన పైకి పోయాడు. సామాను సిరకూసా ముక్కలో ఉంది, ఎడమ వరసలో. చేతిలో కాగితాల సంచీ మాత్రం ఉంది.

రేవు చేరడానికి ఆరు నిమిషాల ముందు తిందారా ఎప్పటిలాగే మెట్ల కింద నిలబడింది. ఇవాళ నిలబడకూడదని ఒక్క క్షణం అనుకుందట. ఇంతలో ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని ఒకావిడ దిగింది. వాళ్ల మీద పంతం ఏం పడతాం. నిలబడింది. అందర్నీ అడిగింది, అందర్నీ పంపింది. చిట్టచివర ఇంజినీరు దిగాడు. చెవి దగ్గర ఫోను, వేళ్ల మధ్య నూనె కాగితం. ఎవరికో సాయంత్రం సభ గురించి చెబుతూ, ఆమె పక్కనుంచే, కుడి వైపు తిరిగాడు. పలెర్మో ముక్క మెట్టెక్కి లోపలికి పోయాడు.

తిందారా నోరు తెరిచింది. ఇరవై రెండేళ్ల అలవాటు. తెరిచిన నోరు మూసుకుంది. తర్వాత రైలు కదలడానికి పదిహేను నిమిషాలకు పైనే పట్టింది. ఆయనకి చెప్పాలంటే చెప్పే వ్యవధి ఉంది. ఆమె తుడుచుకుంటూ ఉంది. లెక్క ప్రకారం లేని పని లెక్క ప్రకారమే చెయ్యలేదు.

ఓడ నుంచి బయటికొచ్చాక రెండు ముక్కలూ మెస్సీనా పెద్ద స్టేషన్‌లో కాసేపు ఆగుతాయి. అక్కడైనా దిగి మారొచ్చు. ఆయన ఇంకా ఫోన్లోనే ఉన్నాడు. ఫోను పెట్టి కిటికీలోంచి చూసేసరికి సముద్రం ఉండాల్సిన వైపు లేదు.

తిందారా పని ముగించుకుని, బట్టలు మార్చుకుని, చంకలో అట్టముక్కతో బస్సెక్కి ఐదున్నరకి కతానియా చేరింది. సభ నిండిపోయింది. ఆరైంది. ఆరుంపావైంది. వేదిక మీద ఒక కుర్చీ ఖాళీ. ఇంజినీరు సహాయకుడొకడు తెర మీద మూడు గళ్లు వేసి, ప్రశ్నలకి నీళ్లు నములుతున్నాడు. ఇక ఆగలేక కమిటీ అధ్యక్షురాలు ముందు కార్మికుల మాట వినేద్దామంది. తిందారాని పిలిచింది.

ఆమె అట్టముక్కని మైకు ముందు బల్లకి ఆనించి నిలబెట్టింది. మొదటి రెండు మాటలు వినబడలేదు. తర్వాత వినబడ్డాయి.

మొదట విమానం గురించి చెప్పింది. ఒంటరిగా, చేతిసంచీతో, నవంబరులో మంగళవారం ప్రయాణం చేసేవాడికి విమానమే చవక, ఇరవై తొమ్మిది యూరోలు, నేను అబద్ధం చెప్పను అంది. కానీ మనం నవంబరు మంగళవారాల్లో ఇంటికొస్తామా, క్రిస్మస్‌కి వస్తాం, ఈస్టర్‌కి వస్తాం, ఎవరైనా పోతే వస్తాం అంది. తురీన్‌లో నర్సు ఒకామె లెక్క చదివింది. టికెట్ నలభై ఒకటి. సూట్‌కేసుకి యాభై ఆరు. తెల్లవారకముందు విమానాశ్రయానికి బస్సు పన్నెండు. ఇక్కడ దిగాక ఊరికి బస్సు లేక టాక్సీ డెబ్బై. "నలభై ఒకటి అని చెప్పి నూట డెబ్బై తొమ్మిది లాగారు. మా పేటలో ఇలా అమ్మేవాణ్ణి రెండోసారి గుమ్మం ఎక్కనివ్వం." సభ నవ్వింది. ఆ నర్సే రైల్లో అరవై నాలుగుకి వచ్చింది, సూట్‌కేసు ఊరికే, వెళ్లేటప్పుడు వాళ్లమ్మ కట్టిచ్చిన పది లీటర్ల ఆలివ్ నూనె కూడా ఊరికే. నలుగురున్న కుటుంబానికి క్రిస్మస్ ముందు విమానానికి పద్నాలుగు వందలు, కారూ పడవా కలిపితే ఐదొందలు, ఒక రాత్రి నిద్ర లేదు. రైల్లో రెండొందల ముప్పై.

తర్వాత రెండో గడి మీదికొచ్చింది, చవకదని తేల్చిన దాని మీదికి. "ఇది ఎందుకు చవకో నేను చెబుతాను. మోత జనానిది కాబట్టి. మా ఓడలో చక్రాల కుర్చీతో వచ్చే సాంతో అన్న ఉన్నాడు, రోమ్ ఆస్పత్రికి నెలకోసారి. ఇప్పుడు తన రైలు పెట్టెలోనే కూర్చుని సముద్రం దాటుతున్నాడు. మీ రెండో గడిలో దిగాలి, నడవాలి, పడవెక్కాలి, దిగాలి, నడవాలి, ఎక్కాలి. నడవలేనివాడి నడక ఖర్చు ఏ వరసలో రాశారు?"

సహాయకుడు కాగితాలు తిరగేశాడు.

"రాయలేదు. ఎవడో ఊరికే మోసేది ఏదీ రాయలేదు. రాయకపోతే ఏదైనా చవకే."

ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఆపమని ఎవరూ అనలేదు. మెట్ల కింద దారి చూపే సంగతి కూడా చెప్పింది. వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి మాత్రం, జనం ముక్కలు తారుమారు చెయ్యకుండా ఒక బోర్డు పెడితే సరిపోతుంది కదా అన్నాడు. "పెట్టండి బాబాయ్, రోజుకోసారి ఎడమా కుడీ మార్చుకునే బోర్డు దొరికితే పెట్టండి. అది తుడుస్తుందేమో కూడా కనుక్కోండి" అంది.

అప్పుడే సహాయకుడి ఫోను మోగింది. అతను విని, అధ్యక్షురాలి చెవిలో ఏదో చెప్పాడు. మైకు తెరిచే ఉంది. మిలాత్సోలో ఉన్నారట, ఇప్పుడే టాక్సీ దొరికిందట అన్న మాట సభంతా విన్నది. మూడొందల మంది ఒకేసారి నవ్వారు. పలెర్మో దారిలోని మిలాత్సో అంటే చాలు, ఏం జరిగిందో అక్కడ కూర్చున్న ప్రతి సిసిలీ మనిషికీ తెలుసు.

ఎనిమిదింటికి ఆయన వచ్చాడు. చొక్కా నలిగి, సామాను లేకుండా. నవ్వినవాళ్లే చోటిచ్చారు, ఎవరో నీళ్లిచ్చారు. ఆయన కూర్చోలేదు. సూటిగా తిందారా వైపు చూశాడు.

"నేను అటు ఎక్కడం మీరు చూశారా?"

మెలో అరేనా ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, మాట్లాడొద్దని. ఆమె విడిపించుకుంది.

"చూశాను."

"చూసి చెప్పలేదు."

"చెప్పలేదు. మీరే కదా అన్నారు, ఆ పని లేదని."

అధ్యక్షురాలు కల్పించుకుని, ఇది ప్రయాణికుడి విషయంలో నిర్లక్ష్యం అవుతుందని, కాంట్రాక్టరుకి రాయాల్సి వస్తుందని గట్టిగానే అంది. తిందారా అట్టముక్కని చంకలో పెట్టుకుంటూ జవాబిచ్చింది.

"రాయండి తల్లీ. నా పని చెయ్యలేదని రాయండి. బాబుగారికి రెండు గంటలు ఆలస్యమైంది, దానికి నాకు బాధగానే ఉంది. నా పేరు కాగితంలోకి రావడానికి ఇరవై రెండేళ్లు ఆలస్యమైంది."

తొమ్మిదో రోజున ఉత్తరం వచ్చింది. ఫలానా తేదీన, తన విధుల్లో ఆనవాయితీగా భాగమైన ప్రయాణికులకు దారి చూపే పనిలో అశ్రద్ధ చూపినందుకు, రెండు రోజుల జీతం కోత. కింద కాంట్రాక్టరు సంతకం, ముద్ర. సారో చదివి కుంగిపోయాడు. మెలో చదివి, ఇంకోసారి చదివి, ఎదుటి కాఫీ కొట్టులో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. విధుల్లో భాగం. వాళ్ల చేత్తో, వాళ్ల ముద్రతో.

అందరూ శిక్ష మీద అప్పీలు చేస్తుందనుకున్నారు. తిందారా తప్పు ఒప్పుకుంది. ఆ పనిలో నేను అశ్రద్ధ చూపిన మాట వాస్తవం అని రాసి సంతకం చేసింది. దాని కింద ఇంకో పేరా రాయించింది: ఆ పనికి ఇన్నేళ్లుగా రావలసిన జీతం ఇప్పించండి అని. చట్టం ఐదేళ్ల వెనక్కే వెళ్లనిస్తుందని మెలో చెప్పాడు. ఐదేళ్లకే అడిగింది. మిగతా పది మంది ఆడవాళ్లూ మర్నాడు వచ్చి, మేము చేసే రాయని పనులివీ అని తలా ఒక కాగితం పెట్టారు. పడిపోయినవాళ్లకి మందులు తేవడం, తప్పిన పిల్లల్ని పట్టుకోవడం, గొలుసు సరిగ్గా పడకపోతే కేకేసి చెప్పడం. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని మళ్లీ చేయమని కమిటీ పట్టికని వెనక్కి పంపింది. రాయనివి రాస్తే ఓడ ఇంకా ఖరీదవుతుందని ఒలివారే అధ్యక్షురాలికి రాశాడట, అయినా రాయాలి, రెండో గడిలో జనం మోతనీ రాయాలి, అప్పుడు ఏది చవకో తేల్చుకోవచ్చు అని కూడా రాశాడట. ఏం తేలుతుందో ఎవరికీ తెలీదు. జీతం కేసు కార్మిక న్యాయస్థానంలో ఉంది, ఆ ఉత్తరమే సాక్ష్యం. జనవరి వచ్చింది, పోయింది. పని ఆరు గంటలే ఉంది.

ఫిబ్రవరిలో పిప్పో స్వయంగా ఓడెక్కి అడుగు అంతస్తుకి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"ఆ ఉత్తరం ఇచ్చెయ్ తిందారక్కా. చించేద్దాం. నిన్ను క్షమించేశామంటున్నారు పైవాళ్లు. కోసిన డబ్బులు కూడా తిరిగిస్తారు."

అక్కా అని పిలవడం ఇదే మొదటిసారి. తిందారా తుడవడం ఆపలేదు.

"నన్ను క్షమించమని ఎవరడిగారు పిప్పో?"

"ఇదేం మొండితనం. శిక్ష తీసేస్తామంటే వద్దనేవాళ్లుంటారా?"

"ఆ డబ్బులు వాళ్లనే ఉంచుకోమను" అంది. "శిక్ష మాత్రం నాది. వెనక్కివ్వను."